ఒకరి కథ ఇంకొకరి నోట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. కత్తెర పట్టుకుని బతికే మనిషికి ఆమాత్రం కోపం ఉండటం మంచిదే. కుర్చీలో కూర్చున్నవాళ్ళు తల కదపకుండా బుద్ధిగా ఉంటారు. ఆ కోపాన్ని పూచికపుల్లలా తీసిపారేసి, నా సెలూన్‌ని బడిగా మార్చేసిన ఘనత ముగ్గురిది. వాళ్ళలో ఒకడు నా సొంత తమ్ముడు కాబట్టి మిగతా ఇద్దరినీ బయటికి గెంటలేకపోయాను.

ముగ్గురికీ ఒకటే పట్టుదల, బిజినెస్ స్కూల్లో చేరాలి. ఎంట్రన్స్ పరీక్ష ఎలాగో గట్టెక్కారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ అనే ఇంకో గండం ఉందట. కోచింగ్ సెంటర్లో దానికోసం అందరి చేతా ఒకే రకం జవాబులు బట్టీ పట్టిస్తున్నారని మావాడు అక్కడ మానేశాడు. మా ఇంట్లో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు నిలబడాల్సిందే. అందుకని వాడి కన్ను నా షాపు మీద పడింది. సాయంత్రం ఎలాగూ మూసేస్తావు కదా అని మెల్లగా మొదలుపెట్టి, మూడు కుర్చీలున్నాయి కదా అని, గోడ పొడుగునా అద్దం ఉంది కదా అని నన్ను మాటల్లో పెట్టి తాళం చెవి లాక్కున్నాడు. తాళం వేసేది నేనే కాబట్టి నేనూ ఉండాల్సి వచ్చింది. తువ్వాళ్ళు మడతపెట్టుకుంటూ వాళ్ళ మాటలు వినేదాన్ని.

అద్దం వాళ్ళకి బాగానే పనికొచ్చింది. మాట్లాడేటప్పుడు చేతులు ఎక్కడ పెడుతున్నారో, కళ్ళు ఎటు తిప్పుతున్నారో ఎవరికివారికి కనబడేది. ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేను లెక్చరర్ అని పిలిచేదాన్ని. టీ తాగుతావా అని అడిగితే టీ వల్ల కలిగే లాభనష్టాలు చెప్పేవాడు. అయితే వాడి బుర్రలోంచి ఒక మంచి పద్ధతి పుట్టిందని ఒప్పుకోవాలి. ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటే అందులో లోటు వాళ్ళకి తెలియదని, ఒకరి కథ ఇంకొకరు తనదే అన్నట్టు చెప్పాలని రూలు పెట్టాడు. కథ సొంతదారు పక్క కుర్చీలో కూర్చుని వినాలి. తన బతుకు బయటివాళ్ళ చెవికి ఎలా వినబడుతుందో అప్పుడు తెలుస్తుంది. రోజూ ఇదే తంతు. కొన్నాళ్ళకి ఏ సంగతి ఎవరిదో తేడా తెలియనంతగా ముగ్గురి నోళ్ళూ కలిసిపోయాయి. ఇంతలో లెక్చరర్‌కి ఇంకెక్కడో సీటు దొరికి వెళ్ళిపోయాడు. వాడి రూలు మాత్రం నా షాపులో ఉండిపోయింది.

మా తమ్ముడి కథ మా వీధికంతా తెలిసిందే. చదువయ్యాక మంచినీళ్ళ క్యాన్ల వ్యాపారం పెట్టాడు. ఫోన్‌లో నొక్కితే చాలు, కాసేపట్లో క్యాన్ గుమ్మం ముందు ఉండేది. అప్పటికే మా పేటలో తోపుడుబండి మీద క్యాన్లు వేసే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన ఎప్పుడొస్తే అప్పుడే నీళ్ళు. అయినా ఏడాది తిరక్కుండానే మావాడి గిరాకీ మొత్తం మళ్ళీ ఆ తాత దగ్గరికే పోయింది. తాత క్యాన్‌ని వంటింటి దాకా మోసుకొచ్చి, మూత తీసి, స్టాండు మీద బోర్లించి వెళ్ళేవాడు. మావాడి మనుషులు గుమ్మం ముందు దించి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఆ క్యాన్ వంక చూస్తూ దాహంతో కూర్చునేవాళ్ళు. కొట్టు మూసేశాక మావాడికి మిగిలింది క్యాన్ బాబు అనే పేరొక్కటే.

వాడు ఈ కథ చెబితే నిద్ర వచ్చేది. మార్కెట్ అంటాడు, కస్టమర్ అంటాడు, క్యాన్ సంగతి చివర్లో ఎక్కడో వస్తుంది. అదే కథ ముగ్గురిలో మూడోదైన కొరియర్ పిల్ల చెబితే తువ్వాలు మడతపెట్టడం ఆపేసి వినేదాన్ని. మూతికి సీలు పడి ఉన్న నీళ్ళ క్యాన్ ముందు ఒక ముసలాయన నిలబడి, దాన్ని ఎలా ఎత్తాలా అని చుట్టూ తిరుగుతున్నట్టు నా కళ్ళకి కనబడేది. ఒకసారి మా తమ్ముడే ఆమె చెప్పింది విని, అంత దారుణంగా చేశానా అని తల పట్టుకున్నాడు.

ఆ పిల్ల మా వీధి చివర కొరియర్ ఆఫీసులో కౌంటర్ చూసేది. నేను పెట్టిన పేరు పార్సిల్. పిలిచిన ప్రతిసారీ పలికేది కాబట్టి ఆ పేరే ఖాయమైంది. పొద్దున్నుంచీ నిలబడి పొట్లాలు తూచి, టేపు వేసి, చీటీలు అంటించి, వచ్చేసరికి వేళ్ళకి జిగురు అంటుకుని ఉండేది. నా దగ్గరున్న నూనెతో అది వదిలించుకుంటూనే ప్రశ్నలకి జవాబులు చెప్పేది. అంతకుముందు రెండుసార్లు ఎంట్రన్స్‌లో పోయింది. మూడోసారి వచ్చింది కానీ పిలుపు ఒక్క స్కూలు నుంచే వచ్చింది. మావాడికి ఆ స్కూలుతో పాటు ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్లకి అదొక్కటే దిక్కు. ఇంకోవైపు ఆఫీసువాళ్ళు వేరే ఊళ్ళో బ్రాంచి చూసుకోమని వెంటపడుతున్నారు. ఈసారి రాకపోతే పుస్తకాలు మూటకట్టి అటకెక్కించి, ఆ ఊరికి పోతానని వాళ్ళమ్మకి మాట ఇచ్చేసింది. ఈ సంగతి మాకు నవ్వుతూనే చెప్పింది. చెబుతూ అద్దంలోకి మాత్రం చూడలేదు.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. నువ్వు ఓడిపోయిన సందర్భం చెప్పు అంటారు. అందరి కథలూ కంచంలో వడ్డించినట్టు చెప్పే ఈ పిల్ల తన దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలేది. ఒకసారి ఒక పార్సిల్ చేరలేదు, వెనక్కి పోయింది, కస్టమర్‌తో మాట్లాడటం ఎంత ముఖ్యమో తెలుసుకున్నాను. ఇంతే. ఇదేం కథ, కొరియర్ రసీదులా ఉంది అని నేను ముఖం మీదే అనేశాను. ఒకరోజు మా తమ్ముడి వంతు వచ్చి, ఆమె కథ తనదిగా చెబుతూ, ఆ పార్సిల్‌లో ఏముందంటే అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల చటుక్కున కుర్చీలోంచి లేచింది.

"అది వద్దు. బయట చెప్పడానికి నీకు చెప్పలేదు."

వాడు నోరు మూసుకున్నాడు. నాకు ప్రాణం పోతున్నంత కుతూహలంగా ఉంది. ఇంకెవరైనా అయితే కూపీ లాగేదాన్ని. ఆ పిల్ల ముఖం చూసి నేనూ నోరు కట్టేసుకున్నాను.

ఇంటర్వ్యూ ఇద్దరికీ ఒకేరోజు, ఒకరి తర్వాత ఒకరు. షాపు మూసి నేనూ వెంట వెళ్ళాను. మావాడి కాలరు సరిచేసే దిక్కు ఇంకెవరున్నారు? స్కూలు గేటు ఎదురుగా బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి పోయేవాళ్ళందరి జుట్టూ చూస్తూ పొద్దుపుచ్చాను. ఒకరిద్దరిని వెనక్కి పిలిచి చెవుల దగ్గర సరిచేయాలనిపించింది. ఆ వయసు పిల్లలు అంతమంది బిగదీసుకున్న భుజాలతో ఒకే గేట్లోకి నడుస్తుంటే, అందరికీ వచ్చేస్తే ఎంత బాగుండు అనిపించింది. అలా జరగదని నాకూ తెలుసు.

మొదట ఆ పిల్ల బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వచ్చి నా పక్కన కూలబడి, జరిగింది చెప్పింది.

లోపల ముగ్గురు కూర్చున్నారట. తల నెరిసిన ఒకాయన, కళ్ళజోడు ఆవిడ, రాసుకుంటున్న ఒక యువకుడు. మొదటి ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పిందట. తర్వాత ఆ ఓటమి ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల నోరు తెరిచింది. నేను మంచినీళ్ళ క్యాన్ల వ్యాపారం పెట్టానండి అని మొదలుపెట్టింది. తాత వచ్చాడు, తోపుడుబండి వచ్చింది, గుమ్మం ముందు క్యాన్ వచ్చింది. కళ్ళజోడు ఆవిడ ముందుకు వంగి వింటోంది. ఆ గదిలో ఒక అద్దాల బీరువా ఉందట. నా షాపులో అలవాటు కొద్దీ ఆ పిల్ల కళ్ళు దానివైపు పోయాయి. క్యాన్‌ని ఎత్తుతున్నట్టు గాల్లో ఉన్న తన చేతులు కనబడ్డాయి. అవి మా తమ్ముడి చేతులని అప్పుడు తెలిసిందట. భయంలో నోటికి ఏది బాగా వచ్చో అదే వచ్చేసింది.

వెంటనే ఆపేసింది. ఆపి ఏమందో నాతో చెప్పింది.

"సార్, ఇది నా కథ కాదు. నా తర్వాత లోపలికి వచ్చే అతనిది. మేం ఒకరి కథ ఒకరం చెప్పి ప్రాక్టీసు చేస్తాం, కంగారులో అదే వచ్చేసింది. నా పొరపాటు వల్ల అతనికి నష్టం జరగకూడదు. దయచేసి మొదటిసారి వింటున్నట్టే వినండి."

మరి నీ కథ చెప్పమని అడిగారట. ఆ పార్సిల్ రసీదు ముక్క చెప్పబోయి, అదీ సగంలో ఆగిపోయింది. సరే అమ్మా, వెళ్ళిరా అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల మా తమ్ముడు ఆ కుర్చీలోనే కూర్చుని, అదే కథ ఎత్తుకుంటూ ఉంటాడు ఈపాటికి. నీ నోటికి ఇంకో కథ దొరకలేదా అని గట్టిగానే అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. తిట్టండక్కా అని తలవంచుకుంది. తిట్టమని చెప్పేవాళ్ళని తిట్టడం నాకు చేతకాదు. కాసేపటికి కోపం దిగాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఆపకుండా చివరిదాకా చెప్పేసి ఉంటే? ఆ కథ అంత బాగా చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. తర్వాత వెళ్ళిన మావాడే దొంగలా కనబడేవాడు. ఎదుటి మనిషి ఆసక్తిగా ముందుకు వంగినప్పుడు మధ్యలో మాట ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇరుగుపొరుగు కబుర్లే నేను సగంలో ఆపలేను. ఈ పిల్ల తన ఒక్కగానొక్క అవకాశాన్ని సగంలో ఆపేసి, తర్వాతివాడి గురించి ఆలోచించింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. చెప్పడానికి మొహమాటమేసి, టీ తెచ్చి చేతిలో పెట్టాను.

మా తమ్ముడు చాలా ఆలస్యంగా వచ్చాడు. వాడు కథ మొదలుపెట్టగానే తల నెరిసినాయన, సగం విన్నాం బాబూ అన్నాడట. వాడికి ఏం జరిగిందో అర్థమైపోయింది. ఒకరి కథ ఒకరికి నోటికొచ్చన్న మాట నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాడు. అప్పుడు కళ్ళజోడు ఆవిడ, అయితే ఆ అమ్మాయిది నువ్వు చెప్పగలవా అని అడిగింది. చెప్పాలని బలవంతం లేదు, ఇది నీ టైము అని కూడా అంది. వాడు ఒక్క క్షణం ఆలోచించి, చెబుతానన్నాడు. క్యాన్ల సంగతి అక్కడే వదిలేశాడు.

ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ పార్సిల్‌లో ఏముందో చెప్పావా?"

"చెప్పాను."

"నేను వద్దన్నాను."

"అన్నావు. కానీ వాళ్ళ దగ్గర ఆ రసీదు మాటలతోనే నువ్వు మిగిలిపోవడం నాకు నచ్చలేదు."

ఆమె లేచి బెంచీ అవతలి చివర కూర్చుంది. తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని దిగేదాకా నిలబడే ఉంది. మంచి చేయబోయి చెడ్డవాడయ్యాడు మావాడు. వాణ్ణి సమర్థించాలో తిట్టాలో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక మాత్రం వదల్లేదు. ఆ పార్సిల్‌లో ఏముందిరా అని కూర్చోబెట్టి అడిగాను. ఊరంతటికీ చెప్పావు, నాకు చెప్పడానికేం అన్నాను. ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చేయనక్కా అని వాడు పడుకున్నాడు.

మర్నాడు స్కూలు నుంచి ఆ పిల్లకి మెసేజ్ వచ్చింది. మీ ఇంటర్వ్యూ పూర్తి కాలేదు, ఎల్లుండి ఫోన్‌లో వీడియో మీద మాట్లాడతాం, మీ గురించి మీరే చెప్పండి అని. అది చూపించడానికి మధ్యాహ్నం భోజనం మానేసి షాపుకి వచ్చింది. నేను ఎగిరి గంతేయబోయాను. మాట్లాడను, వద్దని రాసేస్తాను అంది. నాకు మళ్ళీ కోపం. మూడేళ్ళు చదివింది ఇందుకేనా, ఆ ఊళ్ళో కొరియర్ సంచుల మధ్య పెద్ద కుర్చీ వేసుకుని కూర్చుంటావా అని ఎడాపెడా అనేశాను. మా తమ్ముడు వెనకాల నిలబడి, నేను చెప్పడం తప్పేనని, నన్ను ఏమైనా అనమని, వెళ్ళడం మాత్రం మానొద్దని బతిమాలాడు. ఆమె ఇద్దరి మాటలూ విని నెమ్మదిగా చెప్పింది.

"అది నా కథ కాదక్కా, ఒక పెద్దావిడ కష్టం. అది చెప్పి సీటు తెచ్చుకుంటే, ఆవిడ కష్టాన్ని అమ్ముకున్నట్టు ఉంటుంది."

  కత్తెర తుడిచి పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ తుడిచాను. చివరికి తోచింది చెప్పాను. కష్టం ఆవిడదైతే వద్దనాల్సింది కూడా ఆవిడే కదా, వెళ్ళి అడుగు, నీకు మొహమాటమైతే నేనొచ్చి అడుగుతాను అన్నాను. ఆ పిల్ల నావైపు అదోలా చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. మా తమ్ముడు కాలుగాలిన పిల్లిలా షాపుకీ వీధి చివరికీ తిరుగుతూనే ఉన్నాడు. మూడోరోజు, చెప్పిన టైముకి ఇంకా కాస్త ఉందనగా, వేళ్ళకి జిగురుతోనే గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడినుంచి మాట్లాడొచ్చా అక్కా? మా ఇంట్లో నోరు పెగలదు."

అప్పుడు నా కుర్చీలో బ్యాంకు మేనేజరుగారు జుట్టుకి రంగు వేయించుకుంటున్నారు. సగం తల నలుపు, సగం తెలుపు. ఈ అవతారంతో వీధిలోకి పంపలేను. విషయం చెప్పి, కదలకుండా, మాట్లాడకుండా కూర్చోగలరా అని అడిగాను. అప్పులడగడానికి వచ్చినవాళ్ళ ముందు రోజూ అలాగే కూర్చుంటానన్నారు. తలుపు వేసి, బయట బోర్డు తిప్పి, డ్రయ్యర్ల ప్లగ్గులు పీకేశాను. ఫోన్‌ని షాంపూ సీసాలకి ఆనించి నిలబెట్టాం. ఆ పిల్ల అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. మా తమ్ముడు లోపల తువ్వాళ్ళ గదిలో నిలబడ్డాడు. వాడి చెప్పులు కర్టెన్ కింద కనబడుతూనే ఉన్నాయి.

ఫోన్‌లో ముగ్గురూ కనబడ్డారు. కళ్ళజోడు ఆవిడ, మీ స్నేహితుడు చెప్పింది విన్నాం, ఇప్పుడు మీరు చెప్పండి అంది. ఆ పిల్ల ముందు చేతులకేసి చూసుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఆ పార్సిల్‌లో వినికిడి మిషను ఉందండి. ఒంటరిగా ఉండే పెద్దావిడకి వాళ్ళమ్మాయి పంపింది. మావాళ్ళు మూడుసార్లు వెళ్ళి బెల్లు కొట్టారు, ఆవిడ తలుపు తీయలేదు. వెనక్కి పంపేయమని సంతకం పెట్టింది నేనే. లోపల ఏముందో పైన రాసి ఉంది, నేను చదివాను కూడా. బెల్లు వినబడకే కదా ఆవిడకి మిషను పంపారు. ఆ ముక్క నా బుర్రకి తట్టలేదు."

ఇది మా తమ్ముడు చెప్పిన భాగమేనని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఆ పిల్ల ఆగలేదు.

"మేం కథలు మార్చుకునేటప్పుడు నా స్నేహితుడికి ఇంతవరకే చెప్పాను. మిగతాది అతనికీ తెలియదు. వాళ్ళమ్మాయి మిషను మళ్ళీ పంపినప్పుడు నేనే తీసుకెళ్ళాను. కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిస్తే ఆవిడ తలుపు తీసింది. కూర్చోబెట్టి మాట్లాడింది. మిషను వెనక్కి పోయిన ఆ రోజుల్లో వాళ్ళక్క ఫోన్ చేసిందట, ఆస్పత్రి నుంచి. తెర మీద పేరు చూసి ఎత్తిందట. ఈవిడకి ఒక్క మాటా వినబడలేదు. అక్క బాధపడుతుందని అన్నిటికీ ఊ కొట్టిందట. మిషను వచ్చేసరికి అక్క లేదు. అక్క ఏమని అడిగిందో, తను దేనికి ఊ అన్నదో ఇప్పటికీ తెలియదని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే సంతకం పెట్టానని ఆరోజు ఆవిడకి చెప్పలేకపోయాను. అదండీ నా ఓటమి."

 మేనేజరుగారి చెంప మీదికి నల్లటి చార జారుతోంది. అది రంగో కన్నీళ్ళో, రెండూ కలిసో. తుడవడానికి నాకు చేతులు రాలేదు.

ఆ తర్వాత ఏం చేశావని తల నెరిసినాయన అడిగాడు. తలుపు తీయని ఇల్లుంటే పక్కింట్లో అడక్కుండా, పైన రాసింది చదవకుండా ఏదీ వెనక్కి పంపొద్దని ఆఫీసులో పట్టుబట్టానని చెప్పింది. ఇప్పుడు వెనక్కి పోయేవి తగ్గాయట. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదండీ, మొదటే చేయాల్సిన పని అంది. మరి మొన్న ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు.

"ఆవిడ అనుమతి లేదండి. నిన్న వెళ్ళాను. సంతకం సంగతి కూడా చెప్పేశాను.  ఆవిడ అంతా విని, చెప్పు అమ్మాయ్, విన్నవాళ్ళు ఇంకో ఇంటి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడతారు అంది."

ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల కుర్చీలోంచి లేవలేదు. కర్టెన్ వెనక నుంచి మా తమ్ముడు వచ్చి నూనె సీసా తెచ్చి ముందు పెట్టాడు. ఆమె మూత తీసి వేళ్ళ జిగురు వదిలించుకోసాగింది. వాళ్ళిద్దరి మధ్య రాజీ అలా కుదిరింది. నేను మాత్రం అందరి మీదా కేకలేసి డ్రయ్యర్లు మళ్ళీ పెట్టాను. ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

ఫలితాలు వచ్చినరోజు ముగ్గురం షాపులోనే ఉన్నాం. ఆ పిల్లకి సీటు వచ్చింది. మావాడి పేరు వెయిటింగ్ లిస్టులో ఎక్కడో అడుగున పడింది, అక్కణ్ణుంచి అది పైకి కదిలే ఆశ లేదు.  ఆ పిల్ల సంతోషపడటం మానేసి వాడి వంక చూస్తూ నిలబడింది. నీ టైమంతా ధారపోశావు కదరా అని నేను అనకుండా ఉండలేకపోయాను. వాడు కుర్చీలో కూర్చుని తలకి గుడ్డ చుట్టుకున్నాడు. రెండో స్కూలు ఇంటర్వ్యూ వచ్చేవారం, జుట్టు కత్తిరించమన్నాడు.

"క్యాన్లు గుమ్మం ముందు దించి వచ్చేసేవాణ్ణి కదక్కా. ఈసారి లోపలిదాకా మోసుకెళ్ళాను. అంతే."

వాడి తల మీద కత్తెర పెట్టి చాలాసేపు ఏమీ కత్తిరించకుండా నిలబడ్డాను. నా చేతుల్లో పెరిగిన వాడు ఇంత మనిషి ఎప్పుడయ్యాడో నాకు తెలియలేదు. ఒక్కమాటలో చెప్పాలంటే గర్వంగా అనిపించింది. ఆ వారమంతా ఆ పిల్ల పట్టుదలగా వాడి చేత క్యాన్ కథ వాడి నోటితోనే చెప్పించింది. మార్కెట్ అన్నప్పుడల్లా ఆపి, ముసలాయన దగ్గరికి రమ్మంది. రెండో స్కూలువాళ్ళు వాణ్ణి తీసుకున్నారు. అది మొదటిదంత పేరున్నది కాదని మా బంధువులు నాకు పనిగట్టుకుని చెప్పారు. వాళ్ళకి నేను జుట్టు కత్తిరించడం మానేశాను.

మొదటి స్కూలు ఫలితాలు వచ్చిన సాయంత్రం ఇంకో పని జరిగింది. వాళ్ళమ్మకి ఫోన్ చేశాక ఆ పిల్ల, నాతో ఒకచోటికి వస్తారా అక్కా అని అడిగింది. ఎక్కడికో అడగకుండానే తెలిసింది. షాపు మావాడికి అప్పగించి వెంట నడిచాను. రెండు వీధులు దాటి, మెట్లెక్కి, ఆకుపచ్చ రంగు తలుపు ముందు ఆగాం. ఆమె బెల్లు నొక్కి, చాలాసేపు నిలబడటానికి సిద్ధపడినట్టు సంచీ కింద పెట్టి గోడకి ఆనుకుంది.

సంచీ నేలకి తగలకముందే లోపలినుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. వస్తున్నానమ్మా, వినబడింది అంటోంది.